బాపమ్మ కొన్న పొట్టి తుపాకి

నా చిన్నప్పుడు మా బాపమ్మ తుపాకి కొన్నది. ఈ మాట ఎక్కడ చెప్పినా ముందు ఒక నవ్వు వస్తుంది. ఆ వెనకే, "మీ తాత కొని ఉంటాడు, మీకు సరిగ్గా గుర్తులేదేమో" అని ఒక సవరణ వస్తుంది. నవ్వుకు అలవాటు పడ్డాను. సవరణకు పడలేదు, పడను కూడా. అప్పటికి మా తాత పోయి మూడేళ్లు. తుపాకి ఎంచుకున్నది బాపమ్మే, కొన్నది బాపమ్మే. ఆ దుకాణంలో ఆమె కొంగు పట్టుకుని నిలబడి అంతా చూసిన పదేళ్ల పిల్లను నేనే.

బాపమ్మ అంటే మా బాపు తల్లి, నాన్నమ్మ. మాది రాజురా తాలూకాలో లక్కడ్‌కోట్ దగ్గరి పల్లె. మా ఊళ్లో గట్టిగా దగ్గితే తెలంగాణలో వినిపిస్తుంది. కానీ బడి మరాఠీ, కచేరీ మరాఠీ, బజారు సగం హిందీ. తెలుగు ఇంట్లో మాత్రమే, అదీ నోటితోనే. అక్షరాలు నేను కాలేజీ చదువు అయిపోయాక పంతం పట్టి నేర్చుకున్నాను. అందుకని నా రాతలో ఎక్కడైనా తప్పులుంటే సర్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం సర్దుకోవాల్సింది ఏమీ లేదు.

మా బాపు సాస్తి బొగ్గు గనిలో పని చేసేవాడు. గనివాళ్లిచ్చిన చిన్న ఇంట్లో అమ్మా, బాపూ, తమ్ముడూ ఉండేవాళ్లు. నన్ను బాపమ్మకు తోడుగా పల్లెలో ఉంచారు. ఎవరికి ఎవరు తోడో నాకు అప్పుడే అనుమానంగా ఉండేది. మా ఇల్లు ఊళ్లో కాదు, చేనులో. రెండు గదుల పెంకుటిల్లు. పత్తి ఏరిన కాలంలో ముందు గది నిండా పత్తి కుప్ప ఉండేది, ధర వచ్చేదాకా అలాగే. నేను ఆ కుప్ప మీదే పడుకునేదాన్ని.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నేను బడిలో ఉండగా ఇద్దరు మనుషులు చేను దారిన వచ్చి దూపవుతోంది, నీళ్లివ్వమన్నారు. బాపమ్మ చెంబు నిండా నీళ్లిచ్చింది. తాగినవాడు చెంబును బండకేసి కొట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రెండోవాడు చేతుల వెండి కడియాలు లాగేశాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని చర్మం లేచిపోయిన మణికట్లకు పసుపు అద్దుకుంటోంది. ఏడవడం లేదు. పక్కన సొట్టపోయిన చెంబు ఉంది. "కొత్తది కొందాం బాపమ్మా" అన్నాను. వద్దంది. ఆ సొట్ట చెంబును తోమి, మళ్లీ నీళ్ల కుండ మీదే బోర్లించింది.

ఆ కబురు ఊళ్లో పాకిన పూటే చిన్న తాత వచ్చాడు. చిన్న తాత అంటే మా తాత తమ్ముడు. ఊళ్లో ఉండేవాడు. ఆయన చేను మా చేనును ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక్క గట్టు. ఆ గట్టు మా తాత పోయినప్పటి నుంచి ఏటా ఒక మూరెడు మా వైపు జరుగుతూనే ఉంది. ఆయన తలుపు దగ్గర నిలబడి చాలా ప్రేమగా అన్నాడు. "ఆడమనిషివి, చేన్ల ఒక్కదానివి ఎట్లుంటవ్ వదినె? ఊర్లకు రా. చేను సంగతి నేను చూసుకుంట."

చేను సంగతి చూసుకుంటాననడం అంటే ఏమిటో మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఒకసారి చూసుకోవడం మొదలైతే ఇక ఆ చేను వైపు మనం చూడనక్కర్లేదు. కానీ ఊరంతా ఆయన మాటే అంది. చివరికి మా బాపు కూడా సగం ఒప్పుకున్నాడు. బాపమ్మ అందరి మాటా విని, అందరికీ చాయ్ ఇచ్చి, "తుపాకి తెచ్చుకుంట" అంది. అంతే.

మా ప్రాంతంలో అడవి పందుల కోసం రైతులు తుపాకి లైసెన్సు తీసుకోవడం కొత్త కాదు. ఆడమనిషి తీసుకోవడం కొత్త. దాదాపు ఏడాది పాటు ఆమె రాజురా తాలూకా కచేరీకి తిరిగింది. మరాఠీ చదవడానికి నన్ను వెంట తీసుకెళ్లేది. ఒకసారి అక్కడి గుమస్తా, ఇంట్లో మగవాళ్లు లేరా అని మరాఠీలో అడిగాడు. బాపమ్మకు మరాఠీ అర్థమయ్యేది, జవాబు మాత్రం తెలుగులోనే చెప్పేది. "ఉంటె వాడే వస్తుండె గద, నేనెందుకొత్త" అంది. నన్ను అనువదించమంది. నేను అనువదించాను. బహుశా నా నోటి దురుసుకు అదే మొదటి పాఠం.

చివరికి లైసెన్సు వచ్చింది. అందులో ఒక గడి ఉంది. తుపాకి యజమాని తరఫున దాన్ని ఉంచుకోవడానికి, మోయడానికి ఇంకొక మనిషి పేరు రాయించుకోవచ్చు. ఆ గడి గురించి మాకన్నా ముందు చిన్న తాతకు తెలిసింది. నా పేరు రాయించు వదినె, తుపాకి నా ఇంట్లో ఉంటుంది, నీకు అవసరమైనప్పుడు ఒక్క కేక వేయి, వస్తాను అన్నాడు. కేక వేస్తే వినబడే దూరంలో ఆయన ఇల్లు ఉంటే కడియాలు పోయిన రోజునే వచ్చేవాడు కదా అని నాకు తట్టింది, నోట్లోనే ఉంచుకున్నాను. బాపమ్మ మాత్రం ఔననలేదు, కాదనలేదు. ముందు తుపాకి దొరకనీ, తరువాత రాయిద్దాం అంది. ఆయన దాన్నే ఔననుకుని, తుపాకి కొనే రోజు తెల్ల ధోవతి కట్టుకుని మాకన్నా ముందే బస్సు దగ్గర నిలబడ్డాడు.

వర్ధా నది వంతెన దాటి చంద్రపూర్ వెళ్లాం. బాపమ్మ ఆ ఊరిని చివరిదాకా చాందా అనే అంది. కోట గేటు దగ్గర బస్సు దిగి, ఒక సందులో ఉన్న తుపాకుల దుకాణానికి వెళ్లాం. ముసలి సేటు, ముక్కు చివర కళ్లద్దాలు. లైసెన్సు బాపమ్మ చేతిలో ఉన్నా ఆయన చూపు మాత్రం చిన్న తాత మీద ఆగింది. ఆయన్నే కూర్చోమన్నాడు, ఆయనకే చాయ్ తెప్పించాడు. బల్ల మీద మెరిసే దోనాలి పెట్టాడు. దోనాలి అంటే రెండు గొట్టాల తుపాకి. పక్కన లేడి బొమ్మ చెక్కి ఉంది. చిన్న తాత దాన్ని ఎత్తుకుని భుజానికి ఆనించి, గోడ మీది క్యాలెండర్‌లో దేవుడికి గురిపెట్టాడు. ముఖం వెలిగిపోయింది. ఇదే తీసుకో వదినె, ఇంటికి అందం అన్నాడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. వడ్రంగిని మేం వడ్లాయన అంటాం. మా వడ్లాయన పారకైనా గొడ్డలికైనా కామ, అంటే పట్టుకునే కర్ర, పెట్టాలంటే పని చేసే మనిషి వచ్చి నిలబడాల్సిందే. ఒకరి కొలత ఇంకొకరు తెస్తే కట్టె ముట్టడు. కామ పట్టుకుని కళ్లు మూసుకోమంటాడు, ఎత్తమంటాడు, తెరవమంటాడు. ఎత్తినప్పుడు పనిముట్టు నువ్వు అనుకున్న చోటికే వస్తే అది నీది. నువ్వే దాన్ని తిప్పి సరిచేసుకోవాల్సి వస్తే అది ఇంకెవరిదో. మా ఊళ్లో మొగుడి గొడ్డలి పెళ్లాం ముట్టుకోదు. గౌరవం వల్ల కాదు, నడుము పడిపోతుందని.

బాపమ్మ బల్ల మీది చిన్న తాత చాయ్ గ్లాసును పక్కకు జరిపి, తుపాకి ఇటివ్వమంది. కళ్లు మూసుకుంది. దోనాలిని ఎత్తి భుజానికి ఆనించి, కళ్లు తెరిచింది. గొట్టాలు పైకప్పు పంఖాను చూస్తున్నాయి. వెనకాల భుజానికి ఆనించే కట్టె, దాన్ని కుందా అంటారు, ఆమె చంక కింద ఇరుక్కుని కొంగును పట్టుకుంది. సేటు నవ్వాడు. "అమ్మా, ఇది పార కాదు" అన్నాడు వచ్చిన కాస్త తెలుగులో.

"పారనే కాదు సేటూ, ఏదైనా పట్టేటోల్ల చేతికి రావాలె" అంది బాపమ్మ. "రెండు గొట్టాలెందుకు నాకు? మొదటిది పేలంగనే ఊరంత ఉరికొస్తది. రెండోదానికి పనేముంటది?"

ఒంటి గొట్టం తుపాకులు చూపించమంది. రెండు తెచ్చాడు. రెండిటినీ అలాగే కళ్లు మూసుకుని ఎత్తింది. మొదటిదాంతో గొట్టం గోడగడియారం వైపు తిరిగింది, రెండోదాంతో సేటు తల మీదుగా పోయింది. సేటు కొంచెం పక్కకు జరిగాడు. ఇవన్నీ మగవాళ్ల కొలతలే అమ్మా, ఇంకో రకం ఉండదు, నువ్వే అలవాటు పడాలి అన్నాడు. చిన్న తాతకు ఈ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. "నేను చెప్తలేనా" అని మీసం సర్దుకున్నాడు.

బాపమ్మ దుకాణమంతా కలియచూసింది. మూలలో, గొడుగుల పక్కన, ఒక పాత తుపాకి గోడకు ఆనించి ఉంది. అదేంటని అడిగింది. సేటు చెయ్యి ఊపేశాడు. దాన్ని ఎవరూ కొనరు, ఎవరో కుందాను నాలుగు వేళ్ల మేర కోయించేశారు, గొట్టం పూర్తిగా ఉంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ ఎవరి భుజానికీ రాదు, ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది, అందుకే సగం ధరకైనా ఇచ్చేస్తాను అన్నాడు. తన సరుకును తానే అంతగా తిట్టుకున్న దుకాణదారును నేను మళ్లీ చూడలేదు.

బాపమ్మ దాన్ని తెప్పించుకుంది. కళ్లు మూసుకుంది. ఎత్తింది. తెరిచింది. గొట్టం సూటిగా వాకిలి గడియ మీద ఆగింది. ఆమె మెడ వంచలేదు, భుజం ఎగరేయలేదు. మళ్లీ మూసి ఎత్తింది, మళ్లీ గడియ మీదే. మూడోసారి కూడా.

"ఎవరో నా అసొంటి మనిషి కోయించుకున్నది" అంది మెల్లగా.

అంతమాత్రాన మురిసిపోయి కొనేయలేదు. తూటా పెట్టే చోట తెరుచుకునేలా తుపాకిని కీలు దగ్గర విరిచి, గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి, ఒక కన్నుతో ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. నన్నూ చూడమంది. లోపల అద్దంలా ఉంది, ఎక్కడా గుంటలు లేవు. మూసి చెవి దగ్గర ఊపింది, కీలు చప్పుడు చేస్తుందేమోనని. కుమ్మరి దగ్గర కుండను తట్టినట్టు కట్టెను వేలితో తట్టింది, ఎక్కడైనా చీలిందేమోనని. సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆమెతోనే మాట్లాడాడు. చిన్న తాత చాయ్ చల్లారిపోయింది.

అప్పుడు బాపమ్మ ఆ తుపాకిని రెండు చేతులతో చిన్న తాతకు అందించింది. గొంతులో ఎంత మర్యాదో. "నువ్వు గూడ ఒకసారి ఎత్తి చూడు తమ్మీ. నీ పేరు గూడ రాయిద్దామంటివి గద. కండ్లు మూసుకొని ఎత్తు."

ఆయన నవ్వుతూ కళ్లు మూసుకుని, అలవాటైన ఊపుతో ఎత్తాడు. చిన్న తాత ఆరడుగుల మనిషి. పొట్టి కుందా వల్ల తుపాకి పట్టుకున్న చెయ్యి ముఖం మీదికే వచ్చి, బొటనవేలు పోయి ముక్కుకు కొట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సేటు ఆపుకోలేక, ఉత్తగా ఎత్తితేనే ఇట్లా ఉంటే పేలిస్తే ముక్కే ఉండదు పటేల్ అన్నాడు. నేను నవ్వాను. పదేళ్ల పిల్లను, నవ్వకుండా ఎలా ఉంటాను.

చిన్న తాత తుపాకిని బల్ల మీద పడేసినంత పని చేశాడు. "గిదేం తుపాకి. గిది నాకు పనికిరాదు."

"పనికిరాదంటవా?" అంది బాపమ్మ.

"పనికిరాదు. గీ తుపాకితోని నాకేం పని లేదు."

"సేటూ, విన్నవు గద" అంది ఆమె, కొంగు ముడి విప్పుతూ. పత్తి అమ్మిన డబ్బు అందులో ఉంది. ఇంకా కొంత మిగిలింది కూడా. సేటు గొట్టం తుడిచే కడ్డీని తనంతట తనే ఇచ్చాడు, ఊరికే.

తిరుగు బస్సు రాజురాలో ఆగినప్పుడు, తుపాకిని గుడ్డ సంచిలో చుట్టుకుని కచేరీకి వెళ్లాం. ఏడాది క్రితం మగవాళ్లు లేరా అని అడిగిన గుమస్తాయే ఉన్నాడు. కాగితాలన్నీ చూసి ఆ గడి మీద కలం ఆనించి, ఇంకొకరి పేరు రాయాలా అని అడిగాడు. బాపమ్మ చిన్న తాత వైపు తిరిగింది. కోపం లేదు, వెక్కిరింత లేదు. "చెప్పు తమ్మీ. చాందాల పనికిరాదంటివి. ఈడ పనికొస్తదా?"

మా వాళ్లకు ఒక జబ్బుంది. నష్టాన్నైనా భరిస్తారు గానీ, నలుగురి ముందు అన్న మాటను మింగడం మాత్రం భరించలేరు. బాపమ్మకు ఆ జబ్బు సంగతి బాగా తెలుసు. చిన్న తాత గోడను చూశాడు, నన్ను చూశాడు. నేను ఆయన ముక్కునే చూస్తున్నాను. "వద్దు" అన్నాడు. గుమస్తా కలం ఎత్తేశాడు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

తుపాకి ఇంటికి వచ్చాక బాపమ్మ దాన్ని ఒకే ఒకసారి పేల్చింది. పట్టపగలు, చేను చివర, గట్టు మీద పగిలిన కుండ పెట్టి. ఆ గట్టు ఏదో చెప్పనక్కర్లేదు. కుండ పెంకులైంది. శబ్దం ఊరు దాటి పోయింది. ఆమె భుజం రెండు రోజులు కమిలి ఉంది, ఆముదం రాసింది నేనే. ఎవరికైనా చెప్పావో చూడు అంది. నలభై ఏళ్ల తరువాత ఇప్పుడు చెబుతున్నాను. ఆ గట్టు మాత్రం మళ్లీ జరగలేదు.

తుపాకి ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండు తాళంచెవులూ ఆమె మొలకు ఉండేవి. నేను ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానంది. విరగ్గొట్టేదే. "ఎవడన్న వస్తె మొదాలు కుక్క. తర్వాత గొళ్లెం. తర్వాత నీ నోరు. తుపాకి నాలుగోది" అని నాతో వల్లె వేయించింది. మూడోది నాకు ఆ భగవంతుడు ధారాళంగా ఇచ్చాడు, నాలుగోదాని దాకా ఇంతవరకు పోలేదు.

ఆ మరుసటి ఏడు, పత్తి కాలంలో, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు చేను దారిన వచ్చారు. దూపవుతోంది, నీళ్లివ్వమన్నారు. బాపమ్మ అరుగు మీద కూర్చుని, తుపాకిని మధ్యలో విరిచి ఒళ్లో పెట్టుకుని, గొట్టానికి నూనె పడుతోంది. నన్ను నీళ్లు తెమ్మంది. "ఆ సొట్ట చెంబుల తే" అంది. తెచ్చాను. అందులో ఒకడు చెంబును చేతిలో తిప్పి సొట్టను చూశాడు. తరువాత ఒళ్లో ఉన్నదాన్ని చూశాడు. నీళ్లు తాగి, చెంబును బండ మీద మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు. ఇద్దరూ వచ్చిన దారినే పోయారు.

వాళ్లేనా బాపమ్మా అని అడిగాను. ఆమె గుడ్డ ముక్కతో గొట్టం తుడుస్తూనే ఉంది. "దూపయినోల్లు" అంది.

ఆమె పోయేదాకా ఆ చేనులోనే ఉంది, తన చేనును తానే చూసుకుంది. తరువాత తుపాకి పోలీసు ఠాణాలో జమ అయింది. చిన్న తాత కొడుకులకు అక్కర్లేకపోయింది, ఎవరి భుజానికీ రాదు కదా. వారసురాలిగా నేను దరఖాస్తు పెట్టాను. బాపమ్మకు పట్టినంత కాలమే నాకూ పట్టింది. దేశం చాలా మారిందంటారు, ఆ కచేరీ బల్ల ముందు నిలబడినవాళ్లెవరూ అలా అనరు. ఇప్పుడు ఆ చేనింట్లో నేనే ఉంటున్నాను, ఒక్కదాన్నే, నా ఇష్టంతోనే.

ఆడదానికి తుపాకి ఎందుకని అడిగేవాళ్లు ఒక వైపు. కొనేదేదో పెద్దది కొనమనేవాళ్లు ఇంకో వైపు. ఇద్దరితోనూ నాకు పేచీయే. మొన్న మా తమ్ముడు ఫోన్లో వీడియో పంపాడు, వరసగా అయిదు తూటాలు పేల్చే కొత్త తుపాకి. "అక్కా, ఆ పాత పొట్టిది అమ్మేయ్, ఇది తీస్కో, కాలం బాగలేదు" అన్నాడు. అయిదు తూటాలు ఎవరి కోసం రా అని అడిగాను. ఇంకో వీడియో పంపాడు. తుపాకి ఉంటే ధైర్యం వస్తుందని నేనెప్పుడూ అనను. బాపమ్మ ధైర్యం తుపాకి కన్నా ముందే ఉంది. ఆమె కొన్నది తన ధైర్యానికి సరిపడే కొలత, అదీ మగవాళ్లు పనికిరాదని మూలకు నెట్టినదాని ధరకు.

నా జీవితంలో ఉద్యోగం వచ్చినా, సంబంధం వచ్చినా, ఇల్లు మారమన్నా ముందు కళ్లు మూసుకుని ఎత్తి చూశాను. నా భుజానికి వచ్చిందా, లేక ఇంకెవరి కొలతకో నన్ను అలవాటు పడమంటున్నారా అని. ఒక సంబంధాన్ని అలాగే దించేశాను, ఒక ఉద్యోగాన్ని కూడా. పొగరు అన్నారు. అననీ. కొనేది నేనైనప్పుడు అమ్మేవాడు ఎవరి ముఖం చూసి మాట్లాడుతున్నాడో ఇప్పటికీ గమనిస్తాను.

పోయిన నెల లైసెన్సు కొత్తగా రాయించుకునే సమయం వచ్చింది. తమ్ముడు కారులో వచ్చాడు. మంచివాడే, నా మీద ప్రేమే. దారిలో అన్నాడు, "ఆ రెండో పేరు గడిల నా పేరు రాయించక్కా, అవసరానికి పనికొస్తది." కచేరీలో కుర్ర గుమస్తా, మేడం, ఇంకో పేరు రాయాలా అని అడిగాడు. మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. వాడు కూడా ఆరడుగుల మనిషే. నేను వాడి ముక్కు వైపు ఒక్కసారి చూసి, గుమస్తా చేతిలోంచి కలం తీసుకుని, ఆ గడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నా చేత్తో ఒక గీత గీశాను.